జీతం తీసుకుని భయపడినాయన

మొన్న ఒక పెళ్లికని డోర్నకల్ వైపు పోతూ రైల్వే గేటు దగ్గర ఇరుక్కున్నాను. వచ్చింది బొగ్గు గూడ్సు. ఎంత పొడుగుదంటే, దాని ఇంజను నన్ను దాటినప్పుడు నా మీసం నల్లగా ఉంది, ఆఖరి డబ్బా వచ్చేసరికి నెరిసింది. నా వెనక ఆటోలో కూర్చున్న ఆడపెళ్లివారు ఈలోపు మనుమలకు పేర్లు ఖాయం చేసుకున్నారు.

అంతసేపు నేను ఓపిక పట్టింది ఆ ఆఖరి డబ్బా కోసమే. గూడ్సు చివర వసారా ఉన్న చిన్న డబ్బా ఒకటి ఉంటుంది. అందులో గార్డు నిలబడి, వెనకబడిపోతున్న లోకాన్ని అనుమానంగా చూసుకుంటూ పోతాడు. ఆ మనిషిని చూడటం నాకు అలవాటు. ఈసారి ఆ డబ్బానే లేదు. ఆఖరి బొగ్గు డబ్బా వీపుకు టిఫిన్ డబ్బాంత పెట్టె ఒకటి తగిలించి ఉంది. దానికో ఎర్రదీపం. మిణుకు మిణుకుమంటూ వెళ్లిపోయింది.

పక్కన బైకు మీద ఉన్నతన్ని అడిగాను. "అన్నా, గార్డేడి?"

"ఇప్పుడు కొన్ని బండ్లకు ఉంటలేరే. మిషన్ పెట్టిండ్రు. గదే చూసుకుంటది."

"అది భయపడుతదా?"

అతను నన్ను కిందినుంచి పైదాకా చూసి, తన బైకును జర అవతలికి జరుపుకున్నాడు.

అతని తప్పు లేదు. గార్డు పని అంటే భయపడటమేనని నాకు చెప్పిన మనిషిని అతను ఎరగడు కదా.

ఆయన మా కొత్తవాడలో, మా ఇంటి వెనక సందులో ఉండేవాడు. డోర్నకల్‌లో ఉంటూ గూడ్సు బండ్ల మీద గార్డుగా చేసి రిటైరయ్యాడు. పేరు ఏదో ఉండే ఉంటుంది, అది ఆధార్ కార్డుకు తెలుసు. మా వాడకట్టుకు ఆయన గార్డుకాక. మనిషి సిగ్నల్ స్తంభమంత పొడుగు, ఆ స్తంభానికి కట్టిన తీగంత సన్నం. కళ్లు మాత్రం పెద్దవి. వాటిలో ఎప్పుడూ ఏదో ఒకటి పట్టాలు తప్పబోతూ ఉండేది.

"గార్డంటే ఎవడనుకున్నవురా?" అనేవాడు నాతో. "జీతం తీసుకొని భయపడెటోడు. డ్రైవరుకు ధైర్యానికి జీతం. నాకు భయానికి జీతం. ఇద్దరం ధైర్యంగ ఉన్నమనుకో, బండి చెర్వుల పడ్తది."

"ఇప్పుడు రిటైరైనవు కద కాకా, ఇగ ఇడిసిపెట్టరాదు?"

"పింఛను ఇస్తాన్రు గదరా. ఊకె తీసుకుంటమా?"

అందుకని రోజూ పొద్దున్నే స్నానం చేసి, బొట్టు పెట్టుకుని, భయపడే డ్యూటీకి ఎక్కేవాడు. ఎవరింట్లో కుక్కర్ విజిల్ వేసినా లేచి నిలబడి చెయ్యి పైకెత్తేవాడు. రోడ్డు దాటాలంటే చెయ్యి పక్కకు చాపి నిలబడేవాడు. ఆ చేతిని చూసి ఆర్టీసీ బస్సులు ఆగేవి, ఎక్కమని కండక్టర్లు పిలిచేవారు, ఆయన ఎక్కకపోతే తిట్టిపోయేవారు. లిఫ్టు అనే వస్తువును ఆయన దూరం నుంచి మాత్రమే చూశాడు, మనం పులిని చూసినట్టు.

ఎక్కడికి పోయినా ఆఖరున నడవటం ఆయన వ్రతం. పెళ్లి బరాత్‌లో గుర్రం ముందు అందరూ ఎగురుతుంటే ఈయన జనరేటర్ బండికి కూడా వెనక, ఒక్కడే, చేతులు వెనక్కి కట్టుకుని వచ్చేవాడు. ఒకసారి వాడకట్టంతా కలిసి ఏటూరునాగారం అడవికి వనభోజనాలకు పోయాం. కాక అందరి వెనక నడుస్తూ మమ్మల్ని లెక్కపెట్టాడు. ఒకరు ఎక్కువ వచ్చారు. తక్కువైతే తప్పిపోయారని వెతకొచ్చు, ఎక్కువైతే ఏం చేయాలి? ఆ ఎక్కువైనవాడు ఎవడు, అడవిలోంచి ఏ రూపంలో వచ్చి మనలో కలిశాడు అని ఆయన గజగజ వణికి, పులిహోర విస్తళ్ల ముందు నుంచి మమ్మల్ని లేపి, బస్సెక్కించి, తలుపేసి మళ్లీ లెక్కపెట్టాడు. ఎక్కువైనవాడు బస్సు డ్రైవరు.

స్కూటరెక్కితే నా వెనక కూర్చునేవాడు గానీ, నావైపు వీపు పెట్టి కూర్చునేవాడు. "ముంగట నువ్వు చూస్తాన్నవు గదా. ఎనుక ఎవడు చూడాలె?" అనేవాడు. వరంగల్ చౌరస్తాలో మా ఇద్దరినీ అలా చూసి ట్రాఫిక్ కానిస్టేబుల్ చలానా రాయటం మరచిపోయి దండం పెట్టాడు.

నాతో ఆయనకున్న పేచీ ఒక్కటే. నాకు జంపఖానాల దుకాణం ఉంది. దుమ్ము దులపటానికి భుజం మీద ఎర్ర తువ్వాల వేసుకుంటాను. నేను దాన్ని ఊపితే చాలు, సందు మొగలో వస్తున్న కాక ఉన్నచోటే కాలు గాల్లో పెట్టి ఆగిపోయేవాడు.

"ఒరే, ఆ ఎర్రగుడ్డ నా ముంగట దులపకుమని ఎన్నిసార్లు చెప్పాల్నో! గుండె బ్రేకు పడ్తాంది."

"గుడ్డనే కద కాకా."

"నీకు గుడ్డ. నాకు గది చూస్తె పట్టాల మీద ఏదో పడి ఉన్నట్టే."

ఇంత భయస్తుడి దగ్గరికి వేసవి దాటిందంటే జనం బారులు కట్టేవారు. ఎందుకంటే ఆ రోజుల్లో మా ఊళ్లో ఆయనకంటే ఎక్కువ భయపడేవాళ్లు ఒక్కరే ఉండేవారు. ఎంసెట్ రాసిన పిల్లల తల్లిదండ్రులు.

ర్యాంకు వచ్చాక పిల్లలు తమకు కావలసిన కాలేజీలను వరసగా కంప్యూటర్‌లో పెట్టాలి. వెబ్ ఆప్షన్లంటారు. కంప్యూటర్ ఆ వరసను పైనుంచి కిందికి చదువుకుంటూ వచ్చి, ఆ ర్యాంకుకు ఎక్కడ సీటు దొరికితే అక్కడ ఆగిపోతుంది. ఇక కిందికి చూడదు. వినటానికి ఇంతే. కానీ ఆ వరస పేర్చేటప్పుడు ఇళ్లల్లో పొయ్యి వెలగదు. ఏది పైన, ఏది కింద అని అన్నదమ్ములు విడిపోతారు. మా వాడకట్టులో ఒకాయన భార్యతో మాట్లాడటం మానేసి, ఆమెకు చెప్పాల్సినవి కూడా కంప్యూటర్‌తోనే చెప్పాడు. ఆ వరస పేర్చటానికే అందరూ కాకను పట్టుకునేవారు.

నిరుడు మా వంతు వచ్చింది. మా అమ్మాయికి వచ్చిన ర్యాంకు దాచుకునేంత పెద్దదీ కాదు, దండోరా వేయించేంత చిన్నదీ కాదు. ఎవరైనా అడిగితే "బాగానే వచ్చింది" అని జవాబు చెప్పి వెంటనే వానల గురించి మాట్లాడాల్సిన ర్యాంకు. లోకమంతా కంప్యూటర్లు చదువుతుంటే ఇది కరెంటు చదువుతానంది. ఇంట్లో ఫ్యూజు పోతే పొలిమేర దాకా పరుగెత్తే వంశం మాది. నాకప్పుడే మొదటి చెమట పట్టింది.

అమ్మాయి మనసు హైదరాబాద్‌లోని ఒక పెద్ద కాలేజీ మీద ఉంది. నా భార్య మనసు మా ఊరి అవతల పత్తి చేన్ల మధ్య ఉన్న ఒక చిన్న కాలేజీ మీద ఉంది. ఎందుకంటే పిల్ల పొద్దున తిని పోయి, సాయంత్రం తినటానికి వస్తుంది. నడుమ ఏం చదివితే ఆమెకేం?

"గా పక్కదాన్ని ఫస్టు పెట్టు. ఎవ్వరికి ఫికర్ ఉండదు," అంది నా భార్య.

నేనైతే అసలు దాన్ని లిస్టులోనే ఉంచొద్దన్నాను. నాది వ్యాపారి బుద్ధి. తాత నాటినుంచి కొత్తవాడ జంపఖానాలు అమ్మిన కుటుంబం. కొనేవాడికైనా అమ్మేవాడికైనా మనం దిగగల ఆఖరి ధర ఎదుటివాడికి తెలియనివ్వకూడదు. తెలిసిందా, అక్కడికే దింపుతాడు. సర్కారు కంప్యూటర్ మాత్రం తక్కువ తిన్నదా? పత్తి చేన్ల కాలేజీ పేరు లిస్టు అడుగున కనిపించగానే, "ఓహో, వీళ్లు దీనికైనా ఒప్పుకుంటారన్నమాట" అని కళ్లజోడు సర్దుకుని అదే అంటగడుతుంది. నాకు కళ్లు మూస్తే ఆ కంప్యూటర్ కనిపించేది. మా హోల్‌సేల్ సేటు మొహం ఉండేది దానికి.

ఆ వాదన తేలక ముగ్గురం కాకను దుకాణానికి పిలిచాం. ఆయన లిస్టు చూడలేదు. ముందు కాలేజీలు చూడాలన్నాడు. స్కూటరు మీద, ఆయన వెనక్కి తిరిగి, దగ్గర దగ్గరి కాలేజీలన్నీ తిరిగాం. ప్రిన్సిపాళ్లు ల్యాబులు చూపిస్తామంటే కాక వద్దన్నాడు. మెట్లకు కటకటాలు గట్టిగా ఉన్నాయా, గేటు బయటికి తెరుచుకుంటుందా లోపలికా, మంచినీళ్ల ట్యాంకు మీద మూత ఉందా, ఇవే అడిగాడు. ఒక కాలేజీలో తలుపులన్నీ లోపలికే తెరుచుకుంటున్నాయని, అప్పటికప్పుడు నన్ను రెక్క పట్టుకుని బయటికి లాక్కొచ్చాడు. పత్తి చేన్ల కాలేజీలో కటకటాలు పట్టుకుని ఊపి చూశాడు, అవి ఊగలేదు. వరండాలో ఒక బర్రె పడుకుని ఉంది. "బర్రె బెదురుతలేదు. మంచి జాగ," అన్నాడు. కాక లెక్కలో ఆ కాలేజీ అలా ఖాయమైంది.

మర్నాడు దుకాణంలో నేను కొత్త జంపఖానా పరిచి కూర్చోబెడితే, ఆయన సుద్దముక్క తీసి దానిమీదే రైలు గీయటం మొదలుపెట్టాడు. ప్యాకెట్ కట్టాల్సిన సరుకు అది. నేను లబోదిబోమంటూ తువ్వాల తీశాను తుడవటానికి.

"ఎర్రది! ఎర్రది!" అని అరిచి, సుద్దముక్క గాల్లో పట్టుకుని ఆగిపోయాడు. నేను తువ్వాలను కిందేసి దానిమీద కూర్చున్నాక గానీ ఆయనలో కదలిక రాలేదు.

"ఇటు చూడు బిడ్డా," అన్నాడు మా అమ్మాయితో. "ముంగట ఇంజన్. నీ పాణం కోరుకునే కాలేజి. దొరుకుతదా లేదా అని ఆలోచించకు, కోరిక కావాలె గంతే. నడుమ డబ్బలు. నీ ర్యాంకుకు రావచ్చు, రాకపోవచ్చు. అయి ఎన్నైనా తగిలించు. ఆఖరుకు గార్డు డబ్బ. అది మాత్రం వచ్చి తీరాలె. దాని మీద ఎల్వీ అని రాయి."

"ఎల్వీ అంటే ఏంది తాతా?"

"లాస్టు వెహికిల్. ఆఖరి డబ్బకు పలక ఉంటది. బండి పోతాంటె స్టేషన్లోడు ముందు చూడడు, వెనక పలక చూస్తడు. పలక కనవడ్డదా, బండి మొత్తం వచ్చినట్టు. కనవడలేదా, నడుమ ఎక్కడ్నో తెగినట్టు."

"మామా," అంది నా భార్య, "గా పక్క కాలేజీ ముంగట పెడితె ఏమైతది?"

"ఏమైతదమ్మా, గార్డు డబ్బ ముంగట కట్టిన బండి అయితది. కదలది. కంప్యూటర్ మొదాలే గది చూసి, దొరికిందని ఆగిపోతది. పిల్ల ఇంజనే చూడకపాయె."

"అట్లయితె తీసేద్దాం కాకా," అన్నాను నేను ఆశగా.

కాక మొహం తెల్లబడింది. ఆయన భయపడటం రోజూ చూసేవాణ్నే. కానీ అది రోజూ పడే భయం కాదు.

"ఎల్వీ లేకుంట బండా? నా బండి తెగిన సంగతి తెలుసుకద నీకు."

తెలుసు. తెలియనివాడు వాడకట్టులో లేడు. అడవిలో, మిట్టమధ్యాహ్నం, రెండు స్టేషన్ల నడుమ ఆయన గూడ్సుకు లంకె తెగింది. ఎలా తెగిందన్నది చెప్పిన ప్రతిసారీ మారేది. ఇంజను ముందు సగాన్ని తీసుకుని వెళ్లిపోయింది. వెనక సగం, ఆయన డబ్బా, పట్టాల మీద నిలిచిపోయాయి. మొదట చెప్పినప్పుడు ఆ అడవిలో ఒక ఎలుగుబంటి ఉండేది. తర్వాత అది పులి అయింది. నిరుటికి ఆ పులికి పిల్లలు కూడా పుట్టాయి. మేం నవ్వేవాళ్లం. కానీ ఆ కథలో ఒక ముక్క మాత్రం ఎప్పుడూ మారలేదు, అది చెప్పేటప్పుడు ఆయన గొంతు తగ్గేది.

"పులికి కాదురా నేను భయపడ్డది. ఇంజన్ పోతనే ఉన్నది. డ్రైవరుకు తెల్వది, నేను ఎనుక లేనని. ఎంత ఒర్రినా ఇనవడది. ముందు స్టేషన్ల ఒకాయన బండి ఎనుక చూసిండు. పలక లేదు. గప్పుడు తెలిసింది లోకానికి, నేనొకన్ని అడవిల ఉన్ననని."

జంపఖానా మీద గీసిన ఆఖరి డబ్బాపై గట్టిగా ఎల్వీ అని రాసి, ఆయన నన్ను చూశాడు. "నీ పెండ్లాం భయం ముంగటుండాలంటది. నీ భయమేమో బండిలనే ఉండొద్దంటది. భయం ఉండాలెరా. గని ఎనుక కూసోవాలె. ఇంజన్ల కూసుంటె బండి కదలది, దింపేస్తె బండికి దిక్కుండది."

ఆయన చెప్పింది నాకు బాగానే అర్థమైంది. నచ్చలేదు, అంతే. అయినా అమ్మాయి అలాగే పేర్చింది. ఇంజను, డబ్బాలు, ఆఖరున పత్తి చేన్ల కాలేజీ.

అసలు సీట్లు ఇచ్చేముందు మాక్ అలాట్‌మెంట్ అని ఒక ఉత్తుత్తి సీటు చూపిస్తారు. అది చూసుకుని లిస్టు మార్చుకోవచ్చు, తర్వాత తాళం పడుతుంది. మాక్‌లో మా అమ్మాయికి ఏం వచ్చిందనుకున్నారు? గార్డు డబ్బా!

నా కాళ్ల కింద కొత్తవాడ కదిలింది. మగ్గాలు వాటంతటవే ఆగిపోయినట్టనిపించింది. "చెప్పిన్నా లేదా!" అని అరిచాను. "ఆఖరి ధర చూపిచ్చినం, ఆఖరి ధరకే కొట్టిండ్రు! తీసెయ్ బిడ్డా. ఇప్పుడే తీసెయ్!"

నా భార్య దేవుడి దగ్గర దీపం పెట్టింది, ఇంటిపక్క కాలేజీ వచ్చినందుకు. అమ్మాయి రెండు చేతులతో మొహం కప్పుకుని కూర్చుంది. కాసేపటికి లేచి, "తాతను అడిగొద్దాం డాడీ," అంది.

కాక అప్పుడు దవాఖానలో ఉన్నాడు. ఊపిరి అందటం లేదని అంతకుముందే చేర్చారు. వార్డులో చాలా మంచాలు ఖాళీగా ఉన్నా, అడిగి మరీ ఆఖరి మంచం వేయించుకున్నాడు. ముక్కుకు గొట్టం ఉంది. పక్కనున్న ఆక్సిజన్ సిలిండర్‌ను ఓరకంట చూస్తున్నాడు, అది ఎప్పుడు పేలుతుందా అని. నన్ను చూడగానే నా భుజం వైపు చూశాడు. తువ్వాల ఇంట్లోనే పెట్టి వచ్చానని చూపించాను.

"తాతా, మాక్‌ల ఎల్వీ వచ్చింది," అంది అమ్మాయి.

"వచ్చిందా." కళ్లు మూసుకున్నాడు. "ఉన్నది గదా మరి. భయమెందుకు?"

"డాడీ తీసెయ్యుమంటాండు."

"కాకా," అన్నాను, "తీసేస్తె పైది వస్తదేమోనని..."

"పైది వచ్చేదుంటె, ఎల్వీ ఉన్నా వస్తది. రానిదైతె, ఎల్వీ లేకున్నా రాదు. ఇది నీ దుకాణం కాదురా, బేరమాడటానికి. ఒక్కటి చెప్పు. తెగిననాడు పిల్ల ఎక్కడ నిలబడుతది?"

ఆయన చాలాసేపు ఊపిరి కూడగట్టుకున్నాడు.

"నాకు భయమైతాందిరా," అన్నాడు.

ఈ మాట ఆయన నోట నేను కోటిసార్లు విని ఉంటాను. బల్లిని చూసి, కుక్కర్‌ను చూసి, ఎస్కలేటర్ ఫోటోను చూసి అన్నదే. ఎప్పుడూ వాడకట్టంతా వినేలా అనేవాడు. ఈసారి మెల్లగా అన్నాడు.

"ఉద్యోగమంత ఎనుకకు చూసుకుంట పోయినోన్ని. ఏది దాటినమో కండ్లముంగట కనవడేది. ఇప్పుడు ముంగటికి పోతాన్న. ఏమున్నదో కనవడుతలేదు."

ఏదో ఒక జోకు వేద్దామని నోరు తెరిచాను. నా జీవితంలో మొదటిసారి లోపల సరుకు లేదు. అమ్మాయి ఆయన చెయ్యి పట్టుకుంది.

"నేను ఎనుక నిలబడ్త తాతా. నువ్వు జర ముందు చూసుకుంట పో."

ఆయన దాని మొహం కేసి చూశాడు. తర్వాత, గొట్టాలున్న ఆ చెయ్యిని కొంచెం పైకి లేపాడు, విజిల్ విన్నప్పుడు లేపినట్టు.

అమ్మాయి లిస్టు ముట్టుకోలేదు. తాళం పడేరోజు మీట అదే నొక్కింది. నేను కళ్లు మూసుకుని, చెవులు కూడా మూసుకుని, పొరపాటున ఊపిరి కూడా మూసుకుంటే నా భార్య వీపు మీద చరిచింది.

సీట్లు ఇంకా రాలేదు, కాక పోయాడు. శవయాత్రలో చూస్తే ఏదో తేడా కొట్టింది. డప్పుల వెనక, అందరికంటే ముందు ఆయన. మేమంతా వెనక. ఎన్నడూ ఎవరికీ ముందు నడవని మనిషి. అలా ముందుకు, పైకి చూసుకుంటూ పోతుంటే, కాక ఇప్పుడెంత భయపడుతున్నాడో అనిపించింది. వెనక్కి తిరిగి చూశాను. ఆడవాళ్లు చౌరస్తా దగ్గర ఆగిపోతారు మాలో. మా అమ్మాయి ఆగలేదు. అందరికంటే వెనక, ఒక్కతే, చేతులు వెనక్కి కట్టుకుని వస్తోంది. మధ్యమధ్య వెనక్కి తిరిగి రోడ్డు చూస్తోంది. ఎవరూ ఆపలేదు.

ఆ తర్వాత సీట్లు వచ్చాయి. మాక్ చూసి భయపడి ఎందరు నాన్నలు తమ లిస్టులు తలకిందులు చేసుకున్నారో, ఎవరు ఏవి తీసేసుకున్నారో దేవుడికెరుక. అమ్మాయి ఫోన్‌లో చూసింది. నేను గుమ్మం పట్టుకుని, "గార్డు డబ్బనేనా?" అన్నాను.

"కాదు డాడీ. దాని ముంగటి డబ్బ."

హైదరాబాద్ శివార్లలో ఒక కాలేజీ. కరెంటు చదువే. ఇంజను కాదు, దాని పక్క డబ్బా కూడా కాదు. అయినా బండి కదిలింది. నా భార్య కళ్లు తుడుచుకుని హాస్టలుకు పచ్చళ్లు పెట్టటం మొదలుపెట్టింది. ఆ జాడీలను చూస్తే అమ్మాయి చదువుకు పోతోందా, యుద్ధానికి పోతోందా అని అనుమానం వచ్చింది.

"మరి ఎల్వీ?" అన్నాను.

"ఖాళీగ వచ్చింది," అని, తల అటు తిప్పుకుంది.

అది బయల్దేరేరోజు వరంగల్ స్టేషన్‌లో నాకు సవాలక్ష భయాలు. రైలు ఆగి ఉండగానే అమ్మాయి సామాను నా కాళ్ల దగ్గర వదిలేసి ప్లాట్‌ఫారం చివరికి పరుగెత్తింది. రైలు పోతుందేమోనని నేను, నా భార్య కలిసి పెట్టిన కేకలు కాజీపేట దాకా వినిపించి ఉంటాయి. అది ఆఖరి పెట్టె వెనక్కి తొంగి చూసి, అంతే పరుగున తిరిగొచ్చింది.

"ఉన్నది డాడీ. పలక ఉన్నది," అంది రొప్పుతూ. ఎక్కి కూర్చుంది.

రైలు కదిలింది. కిటికీలు ఒక్కొక్కటే దాటిపోయాయి. దాని చెయ్యి కనిపించింది, తర్వాత కనిపించలేదు. నేను నా భార్యను అక్కడే వదిలేసి ప్లాట్‌ఫారం ఆఖరు దాకా నడిచాను. భయం కూర్చోవలసిన చోటు అదే కదా. పసుపు పలక నా ముందు నుంచి పోయింది. నా చేతిలో పచ్చజెండా లేదు. భుజం మీద ఉన్నదేదో తీసి, రైలు వంపు తిరిగేదాకా, జబ్బ నొప్పి పుట్టేదాకా ఊపాను.

ఊపటం ఆపాక చూసుకుంటే అది ఎర్ర తువ్వాల.

బండి మాత్రం ఆగలేదు.